రీస్టార్టు చేసి చూశావా?

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి చుట్టాల దగ్గర్నుంచి వచ్చే ఫోన్లన్నింటికీ ఒకటే సమాధానం. ప్రింటరు కదలటం లేదు, వైఫై రావటం లేదు, పెద్దమ్మ ఫోన్లో వాట్సాపు తెరుచుకోవటం లేదు... దేనికైనా సరే "ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి" అంటాం. మా అమ్మయితే "ఈ ముక్క చెప్పడానికా నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివించింది" అంటుంది. నవ్వులాటకే లెండి. కానీ సరిగ్గా ఆ ముక్క మీదే 2022లో నాకు గట్టిగా దెబ్బ తగిలింది. నాకంటే ఎక్కువగా ఇంకొకడికి తగిలింది, అదీ నా వల్ల. అది చెబుదామనే ఇదంతా.

మాది హైదరాబాదులో సర్వర్లు చూసుకునే టీము. క్లయింటుకి అమెరికాలో గోదాముల వ్యాపారం. వాళ్ళ సర్వర్లన్నీ వర్చువల్ మెషీన్లే, మొత్తం ఇరవై ఎనిమిది. అందులో పదకొండు విండోస్ 2008 ఆర్2, పదిహేడు 2012 ఆర్2. ఇవన్నీ నడిచే హైపర్‌వైజరు ఏ కంపెనీదో ఇక్కడ రాయను గానీ, దాని వెర్షను ఎంత పాతదంటే, తయారీదారు సపోర్టు ఆపేసి అప్పటికే నాలుగేళ్ళయింది. "నడుస్తోందిగా, ముట్టుకోవద్దు" అనేది క్లయింటు సిద్ధాంతం. మీలో చాలామందికి ఇలాంటి క్లయింటు తెలిసే ఉంటాడు :)

గోదాము ఆగకూడదు కాబట్టి ప్యాచింగు మూడు నెలలకోసారి. వాళ్ళ శనివారం రాత్రి, మన ఆదివారం పొద్దున. అప్‌డేట్లు ఎక్కించడం, రీస్టార్టు చెయ్యడం, అన్నీ లేచాయో లేదో చూసుకుని మెయిలు పెట్టడం. ఇంతే పని. 2022 ఆగస్టు మూడో ఆదివారం ఈ పని మా టీములో కొత్తగా చేరిన కుర్రాడి వంతు. పలాస వాడు. క్యాంపస్ సెలక్షన్లో వచ్చాడు, మొదటి ఉద్యోగం, చేరి పది నెలలు. ఇంకో రెండు నెలల్లో కన్ఫర్మేషను.

నేనా రోజు గుంటూరులో మా మేనమామ కూతురి నిశ్చితార్థంలో ఉన్నాను. పదకొండింటికి ఫోను.

"అన్నా, ఆరు సర్వర్లు లేవలేదు. లోగో దగ్గరే చుక్కలు తిరుగుతున్నాయి. గంటయింది."

"అప్‌డేట్లు కదరా, టైము తీసుకుంటాయి. ఆగు."

"పవర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యనా?"

"వద్దొద్దు. మధ్యలో పవర్ తీస్తే డిస్కు పాడై కూర్చుంటుంది. అవే వస్తాయిలే, కదపకు."

పెట్టేశాను. అక్కడ విస్తళ్ళు వేస్తున్నారు మరి.

వాడు నేను చెప్పినట్టే ఆగాడు. నాలుగు గంటలు ఆగాడు. మధ్యలో రెండుసార్లు చేసినా నేను ఎత్తలేదు. మనకి మూడున్నర అయ్యేసరికి అక్కడ పొద్దుటి షిఫ్టు వచ్చింది. బార్‌కోడు స్కానర్లు లాగిన్ కావు, గోదాము బయట ట్రక్కులు బారులు తీరాయి. చివరికి క్లయింటు వైపు మనిషెవరో విసుగెత్తి ఆరింటికీ పవర్ ఆఫ్ కొట్టి ఆన్ చేశాడు. అయిదు నిమిషాల్లో అన్నీ నిక్షేపంలా లేచి కూర్చున్నాయి.

మంగళవారానికల్లా ఆర్‌సీయే కావాలన్నారు. టీములో రాయడం వచ్చినవాణ్ణి నేనే. ఆర్‌సీయే అంటే మూల కారణాన్ని వెతకడం అని కాలేజీలో చెబుతారు. ఉద్యోగంలో చేరాక తెలిసేదేమిటంటే, గడువు లోపల క్లయింటు ఒప్పుకునే కారణాన్ని వెతకడం. చెక్‌లిస్టు చూస్తే ఒకచోట కుర్రాడు డిస్కు ఖాళీ స్క్రీన్‌షాటు తియ్యలేదు. చాలు కదా! "అప్‌డేట్లకి ముందు చెయ్యవలసిన తనిఖీ పూర్తి కాలేదు, సమస్యను పైవారి దృష్టికి తేవడంలో ఆలస్యం జరిగింది" అని రాశాను. పేరు రాయలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఒక్కడే అయినప్పుడు పేరు రాయక్కర్లేదు కూడా. గుంటూరు ఫోను సంగతి రాయలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు గానీ, మర్చిపోలేదు.

కుర్రాణ్ణి ప్యాచింగు నుంచి తప్పించారు. కన్ఫర్మేషను మూడు నెలలు వాయిదా వేశారు. వాడు నన్నేమీ అనలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనానికి వేరేవాళ్ళతో వెళ్ళడం మొదలుపెట్టాడు, అంతే.

నవంబరు మూడో ఆదివారం. ఈసారి డ్యూటీ నాది. చెక్‌లిస్టులో ప్రతి గడీ నింపాను, డిస్కుల స్క్రీన్‌షాట్లు రెండేసి తీశాను, పదకొండు పాతవీ రీస్టార్టు చేశాను. లేచాయి. పదిహేడు కొత్తవీ చేశాను. పదహారు లేవలేదు.

పదహారు నల్లటి కన్సోలు కిటికీలు, పదహారింటిలో విండోస్ లోగో, దాని కింద గుండ్రంగా తిరుగుతున్న చుక్కలు. ఆఫీసులో నేనూ, ఏసీ చప్పుడూ. ఆగస్టులో వాడు చూసింది ఇదే కదా అనిపించింది. అయితే నాకు ఫోను చెయ్యడానికి ఏ అన్నా లేడు.

ఒకదానికి పవర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. లేచింది. మిగతావీ అలాగే లేపాను. ఒక్క ప్రింట్ సర్వరుని మాత్రం కావాలనే అలా వదిలేశాను. ఆదివారం రాత్రి దాకా అక్కడెవరూ ప్రింట్లు తియ్యరు. ఈ జబ్బులో ఉన్న చిక్కేమిటంటే మందు వెయ్యగానే రోగంతో పాటు ఆనవాళ్ళు కూడా పోతాయి. ఆగస్టులో మేం పోగొట్టుకున్నది అదే.

ముందు తేల్చుకోవలసింది, ఆగింది ఎక్కడ? మూసుకునేటప్పుడా, తెరుచుకునేటప్పుడా? "రీబూటులో హ్యాంగ్ అయింది" అని ఒక్క మాటలో అంటాం గానీ ఇవి పూర్తిగా వేరు వేరు జబ్బులు. మూసుకునేటప్పుడు ఆగితే ఏదో సర్వీసు చావనని మొండికేసినట్టు, లేదా అప్‌డేట్లు ఇంకా సర్దుకుంటున్నట్టు. లేపిన సర్వర్లలో ఈవెంట్ వ్యూయరు తెరిచాను. 1074 ఉంది, అంటే రీస్టార్టు ఎవరు అడిగారో రాసుకుంది. 6006 ఉంది, అంటే లాగ్ రాసే సర్వీసు బుద్ధిగా ఆగింది. కెర్నల్ జనరల్ 13 ఉంది, అంటే ఓఎస్ మూసుకుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. నేను పవర్ ఆన్ చేసినప్పటి 12, 6005 తప్ప మధ్యలో ఒక్క అక్షరం లేదు. కరెంటు పోయినప్పుడు కనిపించే 6008 కూడా లేదు. అంటే పాత విండోస్ మర్యాదగా నిద్రపోయింది, కొత్తది కళ్ళు తెరవక ముందే ఎక్కడో ఇరుక్కుంది. చీటీ రాసేవాడింకా పుట్టలేదు గనక చీటీ లేదు.

రెండోది, నన్ను కుర్చీలోంచి లేపినంత పని చేసింది. నేను వదిలేసిన ప్రింట్ సర్వరుకి అసలు అప్‌డేట్లే దిగలేదు! డౌన్‌లోడు విఫలమైంది, నేను వరసలో చూసుకోకుండా రీస్టార్టు కొట్టేశాను. ఏమీ ఎక్కించని సర్వరు కూడా ఆగింది. అంటే ప్యాచ్‌కీ దీనికీ సంబంధం లేదు. మరి నా ఆగస్టు రిపోర్టు?

సరే, అది తర్వాత. పదిహేడులో ఆగనిది ఒక్కటి. దానికీ మిగతా పదహారుకీ తేడా ఏమిటి? అదే టెంప్లేటు, అదే యాంటీవైరసు, అదే హోస్టు. గంటన్నర జుట్టు పీక్కున్నాను. చివరికి విండోస్ బయటికొచ్చి, హైపర్‌వైజరు ప్రతి వీఎంకీ విడిగా రాసే లాగ్ ఫైళ్ళు చూశాను. ఆ ఫైలు వీఎంకి పవర్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది, పాతవి కొన్ని పక్కన ఉంటాయి. ఆగని సర్వరు ఫైలులో మొదటి తేదీ అక్టోబరు. ర్యామ్ పెంచడానికి దాన్ని అప్పుడు పవర్ ఆఫ్ చేశారు. ఆగిన వాటిలో కొన్నిటికి ఆగస్టు, కొన్నిటికి జులై. పాత ఫైళ్ళు తవ్వితే ఆగస్టు లెక్క కూడా సరిపోయింది. అప్పుడు లేచిన పదకొండింటినీ జులైలో స్టోరేజీ మార్చడానికి ఒకసారి ఆపారు. లేవని ఆరింటినీ అంతకు ముందు చాలా నెలలుగా ఎవరూ ఆపలేదు.

"ఆపలేదు" అన్నానా? విండోస్‌ని అడిగితే వేరే మాట చెబుతుంది. రోజుకోసారి 6013లో తను ఎన్ని సెకన్ల నుంచి మేలుకుని ఉందో రాసుకుంటుంది. ఆ లెక్క రీస్టార్టు చేసినప్పుడల్లా మొదటికొస్తుంది. కానీ హైపర్‌వైజరు దృష్టిలో లోపల విండోస్ ఎన్నిసార్లు చచ్చి పుట్టినా మెషీను ఒకటే, అది నడుస్తూనే ఉంది. దాని లాగ్‌లో మన రీస్టార్టు ఒక్క లైను. సీపీయూ రీసెట్, సాఫ్ట్. అంతే.

ఇక్కడిదాకా వచ్చాక వెతకడానికి సరైన మాటలు దొరికాయి. దొరికిన మాటలతో వెతికితే అయిదు నిమిషాల్లో తయారీదారు సొంత ఆర్టికలే దొరికింది. ఏళ్ళ క్రితం రాసింది. విండోస్ 8, సర్వరు 2012 తరం వీఎంలు చాలాకాలం ఆగకుండా నడిచాక రీబూటు చేస్తే లోగో దగ్గర నిలిచిపోతాయి, పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే లేస్తాయి అని మా కథంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ప్యాచు కూడా ఎప్పుడో వచ్చింది. మేం వేసుకోలేదు.

అసలు సంగతి ఇది. ప్రాసెసరులో టైమ్ స్టాంప్ కౌంటర్ అని ఒక రిజిస్టరు ఉంటుంది. 1993లో పెంటియంతో వచ్చింది. 64 బిట్లు. సీపీయూకి ప్రాణం వచ్చిన క్షణం సున్నా దగ్గర మొదలై లెక్కపెట్టుకుంటూ పోతుంది. 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి 260 కోట్లు. అదేదో నిండిపోతుందేమో అనుకోకండి, 64 బిట్లు నిండాలంటే ఈ వేగంతో 224 ఏళ్ళు పైనే పడుతుంది. సమస్య నిండటం కాదు. వీఎంకి సాఫ్ట్ రీసెట్ జరిగినప్పుడు మా పాత హైపర్‌వైజరు ఈ కౌంటరుని సున్నా చెయ్యదు. మూడు నెలల లెక్క, రెండు పక్కన పదహారు సున్నాలంత, అలాగే ఉంటుంది. 2012 తరం విండోస్ బూటు మొదట్లో దాన్ని చూసి తడబడి ఆగిపోతుంది. 2008 ఆర్2కి ఆ పట్టింపు లేదు, అందుకే ఆ పదకొండూ ఏనాడూ మొరాయించలేదు.

పాతకాలం ఆటో మీటరు గుర్తుందా, జెండా ఉన్నది? సికింద్రాబాదులో ఒకాయన దిగిపోయాడు, మీరెక్కారు, డ్రైవరు జెండా తిప్పడం మర్చిపోయాడు. మీరు కూర్చునేసరికే మీటరు మీద నూట ఎనభై ఉంది. మామూలు మనిషైతే "ఇదేంటయ్యా" అని దులిపేస్తాడు. మరీ నెమ్మదస్తుడైతే ఆ అంకె చూసి నోరు పెగలక అలా కూర్చుండిపోతాడు. మా 2012 సర్వర్లు రెండో రకం.

కౌంటర్లు చేసే ఇలాంటి పనులు కొత్తేమీ కాదు లెండి. విండోస్ 95, 98లు 49.7 రోజులు ఆపకుండా నడిపితే హ్యాంగయ్యేవి. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడి 429 కోట్లు దాటగానే మొదటికొచ్చేది. అప్పట్లో విండోస్ 98 అన్ని రోజులు ఆగకుండా నడవడమే వింత కాబట్టి చాలామందికి తెలియనే లేదు. 2015లో అమెరికా విమానయాన సంస్థ బోయింగ్ 787ల గురించి ఇలాంటి హెచ్చరికే జారీ చేసింది, 248 రోజులు కరెంటు తియ్యకుండా ఉంచితే జనరేటర్ల కంట్రోలు యూనిట్లు ఒకేసారి ఆగిపోవచ్చని. తాత్కాలిక పరిష్కారం ఏమిటంటే, ఆలోగా ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం! మా అమ్మకి చెబితే నమ్మలేదు.

మా ముందు ప్యాచింగు చేసిన ఆయన అప్పటికి వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయాడు, ఆగస్టుకి ముందే. సాయంత్రం ఆయనకి ఫోను చేశాను.

"ఓ, అవా? ఆ సర్వర్లంతే బాబూ. రీస్టార్టు చేస్తే సగం లేవవు. పవర్ తీసి పెడితే లేస్తాయి. రెండేళ్ళుగా అంతే."

"మరి ఎక్కడా రాయలేదేంటండీ?"

"లేచాక ఇంక రాసేదేముంది?"

ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. అయిదు నిమిషాల్లో బాగుచేసేవాడికి టికెట్టెందుకు? ఆయన రెండేళ్ళు కష్టం లేకుండా గడిపాడు, రూలు ప్రకారం ఆగినవాడు బోనులో నిలబడ్డాడు. ఆ రూలు వాడి చెవిలో చెప్పినవాడు రిపోర్టు రాశాడు.

సోమవారం మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. పరిష్కారం విని సంతోషించారు. పర్మనెంటుగా హైపర్‌వైజరు అప్‌గ్రేడు, అప్పటిదాకా వీఎం కాన్ఫిగరేషను ఫైలులో ఒక్క లైను. సాఫ్ట్ రీసెట్‌లో కూడా కౌంటరు సున్నా చెయ్యమని చెప్పే లైను అది. ఒకసారి పవర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే అమల్లోకొస్తుంది. అంతవరకు బాగానే ఉంది. ఆగస్టు ఆర్‌సీయే తప్పు, దాన్ని సవరించి పంపుతాను అనేసరికి ముఖం మారింది.

"అది క్లయింటు క్లోజ్ చేసేశాడయ్యా. మళ్ళీ ఎందుకు కెలకడం? నవంబరుది కొత్త ఇష్యూగా రాయి."

"రెండూ ఒకటే కదండీ."

"నీ పేరుతో పోయిన రిపోర్టు తప్పని నువ్వే రాస్తావా? మార్చిలో అప్రైజల్స్ ఉన్నాయి."

ధైర్యంగా ఏదో అన్నానని రాసుకోవాలని ఉంది. అనలేదు. "చూస్తానండీ" అని బయటికొచ్చి రెండు రోజులు నానబెట్టాను. నిజం చెప్పాలంటే మూడోరోజు రాయించింది కూడా నా మంచితనం కాదు. క్యాంటీన్లో కుర్రాడు ఎదురొచ్చి "నీక్కూడా ఆగాయంట కదన్నా?" అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగా బెంగగా, నాకేమైనా అవుతుందేమోనని అడిగాడు. అక్కడే వాడికి చెప్పేశాను, మొత్తం. లాగ్ తేదీలూ, కౌంటరూ, ప్రింట్ సర్వరూ. వాడు టీ పట్టుకుని విన్నాడు. "అయితే నేను ఎంతసేపు ఆగినా వచ్చేవి కాదన్నమాట" అన్నాడు. "రావు" అన్నాను.

సవరించిన రిపోర్టు ఆ రాత్రి పంపాను. మూల కారణం, పాత ఫైళ్ళ తేదీలు, ఆర్టికల్, లైను. చివర్లో, ఆగస్టు 21న డ్యూటీలో ఉన్న ఇంజినీరు పవర్ ఆఫ్ చెయ్యడానికి అనుమతి అడిగాడనీ, వద్దని ఫోనులో చెప్పింది నేనేననీ రెండు వాక్యాలు. పంపే ముందు ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు తీసేసి మూడుసార్లు పెట్టాను. క్లయింటు నుంచి "ధన్యవాదాలు, చాలా ఉపయోగకరం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ట్రక్కుల గొడవ అప్పటికే వాళ్ళు మర్చిపోయారు. మేనేజరు గారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. నా అప్రైజలు సంగతి అడక్కండి.

కుర్రాడికి కన్ఫర్మేషను లెటరు జనవరిలో వచ్చింది. ఆ వాయిదా పడ్డ మూడు నెలలు మాత్రం ఎవరూ వెనక్కివ్వలేదు. హెచ్ఆర్ వాళ్ళని అడిగితే సిస్టములో వెనక తేదీ పట్టదన్నారు.

కాన్ఫిగరేషను లైను డిసెంబరు మొదటి వారంలో పెట్టాం. పని చేసిందో లేదో తెలియాలంటే ఆగడం తప్ప దారి లేదు. ఈ బగ్గుని టెస్టు చెయ్యాలంటే వీఎంని కదపకుండా రెండు నెలలకి పైగా నడవనివ్వాలి మరి. 2023 ఫిబ్రవరి మూడో ఆదివారం ప్యాచింగు వాడే అడిగి తీసుకున్నాడు. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను, చెయ్యి పెట్టకుండా. రీస్టార్టు మొదలుపెట్టే ముందు వాడు ఫోల్డరు తెరిచి నా సవరించిన రిపోర్టు మొదటిసారి చదివాడు. చివరి దాకా దించి, ఆ రెండు వాక్యాల దగ్గర కాసేపు ఆగి, "అన్నా, టైము తప్పు రాశావు. నేను చేసింది పదకొండూ పదికి, పదకొండుకి కాదు" అన్నాడు.

"మారుస్తాలే" అన్నాను.

మొదట ప్రింట్ సర్వరు కొట్టాడు. చుక్కలు తిరిగాయి. ఇద్దరం గడియారం చూడలేదు గానీ ఊపిరి మాత్రం బిగపట్టాం. లాగిన్ తెర వచ్చింది. తర్వాత రెండోది, మూడోది. పదిహేడూ లేచేసరికి పన్నెండున్నర. ఆ అక్టోబరుతో 2012 ఆర్2కి మైక్రోసాఫ్టు సపోర్టు అయిపోతుంది కాబట్టి ఎలాగూ వాటి రోజులు దగ్గరపడ్డాయి. ఏడాది చివరికల్లా అన్నీ కొత్త హోస్టుల మీదకి, కొత్త వెర్షన్లకి మారిపోయాయి.

మెయిలు పెట్టేసి వాడు సిస్టము లాక్ చేశాడు. "భోంచేద్దామా అన్నా?" అన్నాడు. కింద మెస్సులో ఆదివారం స్పెషలు అయిపోయిందన్నారు. ఉన్న సాంబారన్నమే తిన్నాం.